తూకం చీటీ నుంచి బిల్లు దాకా: పాస్కల్ స్క్రిప్ట్‌లో లైబ్రరీ ఫంక్షన్లు వాడే పద్ధతి

మిల్లులకూ యార్డులకూ బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చేవాళ్లకు ఒక తిప్పలు ఎప్పుడూ ఉండేదే. ఒకచోట సరిపోయిన లెక్క పక్క ఊళ్లో సరిపోదు. నెల్లూరు వైపు ధాన్యం పుట్టి లెక్కన కొంటారు, అంటే 850 కిలోలు. తరుగు, హమాలీ, కాటా కూలి మాత్రం మిల్లు మిల్లుకీ మారతాయి, సీజన్ సీజన్‌కీ మారతాయి. చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మెకు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఘనమీటర్లు కట్టాలి. మార్పు వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామ్ అంతా మళ్లీ కంపైల్ చేసి పంపడం అయ్యే పని కాదు. అందుకే లెక్క భాగాన్ని స్క్రిప్ట్‌గా విడిగా పెట్టి, దాన్ని నడిపే ఇంజిన్‌ను ప్రోగ్రామ్‌లో ఇముడ్చుకుంటారు. పాస్కల్ భాషలో ప్రోగ్రాములు రాసే సాధనాలైన డెల్ఫీ, లాజరస్ వాడేవాళ్లకు బాగా అందుబాటులో ఉన్న ఇంజిన్ రెమ్‌ఆబ్జెక్ట్స్ పాస్కల్ స్క్రిప్ట్. ఇన్‌స్టాలర్లు తయారుచేసే ఇన్నో సెటప్‌లో కోడ్ సెక్షన్‌ను నడిపేది కూడా ఇదే.

ఇలాంటి స్క్రిప్టుల్లో తప్పు కూడికలోనో గుణకారంలోనో దొరకడం అరుదు. అక్షరాలు అంకెలుగా మారే చోట, అంకెలు మళ్లీ అక్షరాలుగా మారే చోట దొరుకుతుంది. ఆ పని చేసేవి లైబ్రరీ ఫంక్షన్లే. చెడ్డ సమాచారం వచ్చినప్పుడు ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో తెలిస్తే సగం తలనొప్పి వదిలినట్టే.

ఒక్క మాట ముందుగా. ఇక్కడ ఫంక్షన్ పేర్లనూ కోడ్‌నూ పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాం. ఎడిటర్‌లో కొట్టేటప్పుడు అవే పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కొట్టాలి. వేరియబుల్ పేర్లు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి.

ఏ ఫంక్షన్లు ఉన్నట్టే వస్తాయి, ఏవి మనం ఇవ్వాలి

ఇంజిన్‌ను ఫారం మీద పెట్టగానే కొన్ని ఫంక్షన్లు వాటంతటవే వస్తాయి. స్ట్రింగుల కోసం కాపీ, పాస్, డిలీట్, ఇన్సర్ట్, లెంగ్త్, ట్రిమ్, అప్పర్‌కేస్, లోయర్‌కేస్ ఉంటాయి. మార్పిడికి ఇంట్‌టుస్ట్ర్, స్ట్ర్‌టుఇంట్, స్ట్ర్‌టుఇంట్‌డెఫ్, ఫ్లోట్‌టుస్ట్ర్, స్ట్ర్‌టుఫ్లోట్. లెక్కలకు రౌండ్, ట్రంక్, ఆబ్స్, స్క్వేర్‌రూట్ వంటివి. చీటీ మీద వరసలు సర్దడానికి ప్యాడ్‌ఎల్, ప్యాడ్‌ఆర్, ప్యాడ్‌జెడ్. డైనమిక్ అర్రేలకు సెట్‌అర్రేలెంగ్త్, గెట్‌అర్రేలెంగ్త్.

డెల్ఫీలో రోజూ వాడే ఫార్మాట్, స్ట్రింగ్‌రీప్లేస్ మాత్రం ఈ జాబితాలో ఉండవు. ఇన్నో సెటప్‌లో ఫార్మాట్ చూసి ఉంటే, అది ఇన్నో సెటప్ వాళ్లు తమ తరఫున కలిపింది. మన ఇంజిన్‌లో అదే రాస్తే, తెలియని పేరు అంటూ కంపైలర్ ఆగిపోతుంది.

తేదీ ఫంక్షన్లు కూడా ఊరికే రావు. డేట్‌యుటిల్స్ ఇంపోర్ట్ కాంపొనెంట్‌ను ఫారం మీద పెట్టి, స్క్రిప్ట్ కాంపొనెంట్‌లో ప్లగిన్స్ జాబితాకు కలపాలి. కాంపొనెంట్లు లేకుండా కంపైలర్, ఎగ్జిక్యూటర్ క్లాసులను నేరుగా వాడేవాళ్లు ఇక్కడే తడబడతారు. ప్రతి లైబ్రరీకీ రెండు సగాలుంటాయి. ఒకటి కంపైల్ సమయానికి, దాని యూనిట్ పేరులో పీఎస్‌సీ అని ఉంటుంది. ఇంకొకటి నడిచే సమయానికి, దాంట్లో పీఎస్‌ఆర్ అని ఉంటుంది. మొదటిది పెట్టి రెండోది మరిచిపోతే స్క్రిప్ట్ శుభ్రంగా కంపైల్ అవుతుంది, నడపబోతే మాత్రం ఫలానాది ఇంపోర్ట్ చేయలేను అని ఆగుతుంది. కంపైల్ అయ్యాక ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చిందంటే వెతకాల్సింది ఆ రెండో సగం కోసమే.

మన సొంత ఫంక్షన్ ఇవ్వాలంటే స్క్రిప్ట్ కాంపొనెంట్‌లో ఆన్‌కంపైల్ ఈవెంట్‌లో ఇలా చెప్పాలి:

సెండర్.యాడ్‌ఫంక్షన్(@తరుగుశాతం, 'ఫంక్షన్ తరుగుశాతం(రకం: స్ట్రింగ్; తేమ: ఇంటీజర్): ఇంటీజర్;');

కొటేషన్లలో రాసిన ఆ డిక్లరేషన్ అసలు ఫంక్షన్‌తో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. డెల్ఫీ కంపైలర్ దాన్ని చూడదు, దానికి అది వట్టి స్ట్రింగ్. అసలు ఫంక్షన్ ఇంట్64 తీసుకుంటుండగా ఇక్కడ ఇంటీజర్ అని రాసినా, అక్కడ వార్ పారామీటర్ (ఫంక్షన్ మార్చి తిరిగి ఇవ్వగలిగేది) ఉండి ఇక్కడ వార్ మరిచినా, ఏ హెచ్చరికా రాదు. నడిచేటప్పుడు యాక్సెస్ వయొలేషన్, అంటే తనది కాని మెమరీని ముట్టుకున్న ఎర్రర్, వస్తుంది. అంతకంటే చెడ్డది ఇంకోటుంది: చెత్త అంకె ఒకటి వచ్చి బిల్లులో కూర్చుంటుంది. అందుకని ఫంక్షన్ తల మార్చిన రోజే ఈ లైన్ కూడా మార్చాలి. రెండూ ఒకే యూనిట్‌లో పక్కపక్కనే ఉంచితే మరుపు రాదు.

ఫంక్షన్ మన ఫారం క్లాసులో మెథడ్ అయితే యాడ్‌ఫంక్షన్ పనికిరాదు, యాడ్‌మెథడ్ వాడాలి. మెథడ్‌కు కనిపించని సెల్ఫ్ పారామీటర్ ఒకటి ఉంటుంది కాబట్టి, ఒకదాని బదులు ఇంకొకటి వాడితే పారామీటర్లన్నీ ఒక స్థానం జరిగిపోతాయి.

అక్షరాలను అంకెలు చేయడం

కాటా నుంచి వచ్చే లైనుతో మొదలుపెడదాం. వేబ్రిడ్జి సూచిక సీరియల్ పోర్టు గుండా పంపే లైను యంత్రాన్ని బట్టి మారుతుంది. ఒక రకంలో తూకం నిలిచాక ఎస్‌టీ అనీ, ఇంకా ఊగుతుంటే యూఎస్ అనీ మొదటి రెండు అక్షరాలు వస్తాయి. తర్వాత కామా, స్థూల బరువుకో నికర బరువుకో గుర్తు, మళ్లీ కామా, ప్లస్ గుర్తు, సున్నాలతో నింపిన బరువు, చివర కేజీ అనే అక్షరాలు. లారీ కాటా ఎక్కుతుండగా వచ్చే లైను కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. కనుక మొదటి పని కాపీ(ఎస్, 1, 2) తీసి అది ఎస్‌టీ అవునా కాదా చూడటం. కాకపోతే ఆ లైనును వదిలేయాలి.

తర్వాత కామా ఎక్కడుందో పాస్‌తో వెతుకుతారు. పాస్‌లో వెతికేది ముందు, వెతికే చోటు తర్వాత. తారుమారు చేసినా కంపైలర్ ఏమీ అనదు, ఎందుకంటే రెండూ స్ట్రింగులే. దొరక్కపోతే 0 ఇస్తుంది. ఆ 0 ను చూడకుండా కాపీ(ఎస్, పాస్(',', ఎస్) + 1, 8) అని ఒకే లైనులో రాస్తే, కామా లేని లైను వచ్చినప్పుడు మొదటి అక్షరం నుంచి 8 అక్షరాలు తీసి చేతిలో పెడుతుంది. ఎర్రర్ రాదు. కాబట్టి పాస్ ఫలితాన్ని ముందు ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, 0 కాదని చూశాకే కాపీకి ఇవ్వాలి.

ఈ పరీక్షను రాసే తీరులో కూడా ఒక మెలిక ఉంది. (పి > 0) అండ్ (ఎస్[పి] = ',') అని ఒకే ఇఫ్‌లో రాస్తే, మొదటి భాగం తప్పైనప్పుడు రెండో భాగం చూడకుండా ఆగుతుందని డెల్ఫీ అలవాటు ఉన్నవాళ్లు అనుకుంటారు. ఈ ఇంజిన్‌లో అది బూలియన్ షార్ట్‌సర్క్యూట్ అనే ఆప్షన్ మీద ఆధారపడి ఉంది. అది ఆపి ఉంటే రెండు భాగాలూ లెక్క కడుతుంది. పి విలువ 0 అయితే స్ట్రింగ్‌లో లేని స్థానాన్ని అడిగినట్టవుతుంది, పరిధి దాటిందని స్క్రిప్ట్ ఆగిపోతుంది. రెండు ఇఫ్‌లు ఒకదానిలో ఒకటి రాస్తే ఆ ఆప్షన్ ఎలా ఉన్నా ఇబ్బంది లేదు.

ఇక స్ట్ర్‌టుఇంట్. దీన్ని స్క్రిప్టుల్లో వాడవద్దనే చెబుతాం. అంకె కాని స్ట్రింగ్ ఇస్తే డెల్ఫీలో ఎక్సెప్షన్ వస్తుంది. స్క్రిప్ట్ ఇంజిన్లలో కొన్ని నోరు మెదపకుండా -1 ఇచ్చేస్తాయి. ఆ -1 ఖాళీ బండి బరువు స్థానంలో పడితే, బండి బరువంతా, పైన ఇంకో కిలో కూడా, నికరంలో కలిసిపోతుంది. అంకె ప్లస్‌లోనే ఉంటుంది కాబట్టి, చూసుకోకపోతే అలాగే బిల్లయిపోతుంది. స్ట్ర్‌టుఇంట్‌డెఫ్(ఎస్, -1) అని మనమే విలువ చెప్పి, వెంటనే అది 0 కంటే తక్కువేమో చూసి ఆపేయడం మంచిది. బరువు ఎప్పుడూ రుణ సంఖ్య కాదు కాబట్టి -1 ఇక్కడ సురక్షితమైన గుర్తు. కూడికా తీసివేతా రెండూ ఉండే ఖాతా మొత్తాలకైతే అది గుర్తుగా పనికిరాదు.

ఇంకో చిన్న సంగతి. ముందు ఖాళీలుంటే మార్పిడి ఫంక్షన్ ఊరుకుంటుంది, వెనక ఖాళీ ఉంటే ఒప్పుకోదు. సీరియల్ పోర్టు లైను చివర క్యారేజ్ రిటర్న్ కూడా వస్తుంది, అదీ అంతే. అందుకే మార్చే ముందు ట్రిమ్ తప్పనిసరి. కానీ ట్రిమ్ తీసేది మామూలు ఖాళీనీ దానికంటే చిన్న కోడ్ ఉన్న కంట్రోల్ అక్షరాలనూ మాత్రమే. వెబ్ పేజీ నుంచి, కొన్ని ఎక్సెల్ షీట్ల నుంచి కాపీ చేసి అతికిస్తే 160 కోడ్ ఉన్న విడవని ఖాళీ వస్తుంది. కంటికి మామూలు ఖాళీలాగే ఉంటుంది, ట్రిమ్‌కు మాత్రం అది మామూలు అక్షరం. అంకె సరిగ్గానే కనిపిస్తున్నా మార్పిడి కుదరడం లేదంటే మొదట దీన్నే అనుమానించాలి.

చేతితో కొట్టిన మొత్తాల్లో కామాలుంటాయి. 1,25,000 అని కొట్టిన దాన్ని స్ట్ర్‌టుఫ్లోట్‌కు అలాగే ఇస్తే తీసుకోదు. కామాలు తీసేయాలి. ముందు నుంచి వెనక్కి పోతూ తీస్తే, ఒక అక్షరం పోగానే తర్వాతిది ఆ స్థానంలోకి జరుగుతుంది, లూప్ దాన్ని దాటేసి పోతుంది. వెనక నుంచి ముందుకు రావాలి:

ఫర్ ఐ := లెంగ్త్(ఎస్) డౌన్‌టు 1 డూ
  ఇఫ్ ఎస్[ఐ] = ',' దెన్ డిలీట్(ఎస్, ఐ, 1);

కామాతో సరిపెట్టక, అంకె కాని ప్రతిదాన్నీ తీసేద్దామని అనిపిస్తుంది. కాటా లైనులో ప్లస్ గుర్తునూ కేజీ అక్షరాలనూ వదిలించుకోవడానికి అది బాగానే ఉంటుంది. అదే పద్ధతిని దశాంశం ఉన్న అంకె మీద వాడితే చుక్క కూడా పోతుంది. 12340.5 కాస్తా 123405 అవుతుంది, 12 టన్నుల లోడు 123 టన్నులవుతుంది. ఎక్కడ ఏది తీసేస్తున్నామో చోటును బట్టి విడిగా రాసుకోవాలి, అన్నిటికీ ఒకే శుభ్రం చేసే ఫంక్షన్ పెట్టకూడదు.

డిలీట్, ఇన్సర్ట్ రెండూ ఇచ్చిన వేరియబుల్‌నే మారుస్తాయి, విలువ తిరిగి ఇవ్వవు. కాపీ మాత్రం కొత్త స్ట్రింగ్ ఇస్తుంది, పాతది అలాగే ఉంటుంది. స్ట్రింగ్ స్థానాలు 1 నుంచి మొదలు, డైనమిక్ అర్రే స్థానాలు 0 నుంచి. ఈ రెండింటినీ ఒకే లూప్‌లో కలిపి నడిపినప్పుడు పరిధి దాటిన ఎర్రర్ తరచూ వస్తుంది.

పుట్టి లెక్క: ఎక్కడ పొంగిపోతుంది

డబ్బును పైసల్లో, పూర్ణాంకంగా ఉంచుకోవాలి. ఫ్లోట్‌లో ఉంచితే ఏమవుతుందో చూడండి: డబుల్ టైపులో 19.99 ని 100 తో గుణిస్తే 1999 రాదు, 1998.9999999999998 వస్తుంది. దాన్ని ట్రంక్‌కు ఇస్తే 1998. పైసా పోయింది. రౌండ్ వాడితే 1999 వస్తుంది కానీ, రౌండ్‌కు వేరే లక్షణం ఉంది. సరిగ్గా సగం మీద ఉన్న అంకెను అది సరిసంఖ్య వైపు తీసుకుపోతుంది. రౌండ్(2.5) అంటే 2, రౌండ్(3.5) అంటే 4. బ్యాంకు లెక్కల్లో ఇది మంచి పద్ధతే. గుమాస్తా చేతి లెక్కలో మాత్రం సగం ఎప్పుడూ పైకే పోతుంది, కనుక చీటీకీ పుస్తకానికీ అక్కడక్కడా తేడా వస్తుంది. పూర్ణాంకాలతోనే నడిపితే ఈ గొడవే ఉండదు.

ఒక లోడు తీసుకుందాం. నికర బరువు 12,340 కిలోలు, పుట్టి రేటు 20,000 రూపాయలు. రేటు పైసల్లో 20,00,000. రెండూ గుణిస్తే 24,68,00,00,000. దాన్ని 850 తో భాగించాలి.

ఇంటీజర్ 32 బిట్లది, అందులో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. మన గుణకారం అంతకు పదకొండు రెట్లు పైనే ఉంది. ఓవర్‌ఫ్లో చూడకుండా కంపైల్ చేసిన ఇంజిన్‌లో ఇది చుట్టు తిరిగి -1,08,98,03,776 అవుతుంది. భాగిస్తే బిల్లు దాదాపు పన్నెండు వేల ఎనిమిది వందల రూపాయలు, అదీ మైనస్‌లో వస్తుంది. మైనస్ వచ్చింది కాబట్టి వెంటనే కంటపడుతుంది. బరువు కాస్త మారితే ప్లస్‌లోనే తప్పు అంకె వస్తుంది, అప్పుడు చూసుకోకుండా డబ్బు ఇచ్చేసే ప్రమాదం ఉంది. ఫలితం వేసుకునే వేరియబుల్ ఒక్కటే ఇంట్64 చేస్తే చాలదు. గుణకారం ముందే 32 బిట్లలో జరిగిపోయి, పాడైన అంకె అందులోకి వస్తుంది. గుణించే రెండూ ఇంట్64 గానే ఉండాలి.

ఫంక్షన్ పుట్టివిలువ(కేజీ, రేటుపైసలు: ఇంట్64): స్ట్రింగ్;
వార్ మొత్తం, పైసలు: ఇంట్64;
బిగిన్
  మొత్తం := కేజీ * రేటుపైసలు;
  పైసలు := (మొత్తం + 425) డివ్ 850;
  రిజల్ట్ := లక్షకామా(పైసలు డివ్ 100) + '.' + ప్యాడ్‌జెడ్(ఇంట్‌టుస్ట్ర్(పైసలు మాడ్ 100), 2);
ఎండ్;

425 కలపడం ఎందుకంటే అది 850 లో సగం. డివ్ ఎప్పుడూ మిగులును వదిలేస్తుంది కాబట్టి, ముందే సగం కలిపితే సగానికి పైబడ్డది పైకి పోతుంది. పై లోడుకు 2,90,35,294 పైసలు వస్తాయి, చీటీ మీద 2,90,352.94 అని పడుతుంది. ప్యాడ్‌జెడ్ లేకపోతే 5 పైసలు వచ్చిన రోజున .05 బదులు .5 అని పడి, చూసేవాళ్లకు 50 పైసలుగా కనిపిస్తుంది.

ఈ ఫంక్షన్ రుణ మొత్తాలకు కాదు. పాస్కల్‌లో రుణ సంఖ్యకు మాడ్ తీస్తే ఫలితం కూడా రుణమే, చుక్క తర్వాత మైనస్ గుర్తు వచ్చి పడుతుంది. వాపసు చీటీలకు ముందు ఆబ్స్ తీసుకుని, గుర్తును విడిగా పెట్టాలి.

చీమకుర్తి దిమ్మెలకూ ఇదే జాగ్రత్త. 285, 175, 160 సెంటీమీటర్ల దిమ్మె 79,80,000 ఘన సెంటీమీటర్లు, అంటే 7.98 ఘనమీటర్లు, 32 బిట్లలో హాయిగా పడుతుంది. అదే కొలతలను మిల్లీమీటర్లలో తీసుకుంటే 7,98,00,00,000 అయి పొంగిపోతుంది.

లక్షల కామా

అంకెకు కామాలు పెట్టే డెల్ఫీ పద్ధతులు మూడేసి అంకెలకు పెడతాయి. 290,352 అని చీటీ మీద పడితే మన దగ్గర చదివేవాళ్లు ఆగి ఆలోచించాలి. లక్షల పద్ధతిని స్క్రిప్ట్‌లోనే రాసుకోవడం తేలిక:

ఫంక్షన్ లక్షకామా(ఎన్: ఇంట్64): స్ట్రింగ్;
వార్ ఎస్: స్ట్రింగ్; పి: ఇంటీజర్; రుణం: బూలియన్;
బిగిన్
  రుణం := ఎన్ < 0;
  ఇఫ్ రుణం దెన్ ఎన్ := -ఎన్;
  ఎస్ := ఇంట్‌టుస్ట్ర్(ఎన్);
  పి := లెంగ్త్(ఎస్) - 2;
  వైల్ పి > 1 డూ
  బిగిన్
    ఇన్సర్ట్(',', ఎస్, పి);
    పి := పి - 2;
  ఎండ్;
  ఇఫ్ రుణం దెన్ ఎస్ := '-' + ఎస్;
  రిజల్ట్ := ఎస్;
ఎండ్;

మొదటి కామా చివరి మూడు అంకెల ముందు పడుతుంది, ఆ తర్వాత రెండేసి. వెనక నుంచి వస్తున్నాం కాబట్టి ఇన్సర్ట్ చేసినా ముందున్న స్థానాలు కదలవు. గుర్తును ముందే తీసేయకపోతే -12500 కాస్తా -,12,500 అవుతుంది. ఈ ఫంక్షన్‌ను స్క్రిప్ట్‌లో పుట్టివిలువ కంటే పైన రాయాలి. రాసిన వెంటనే 0, 999, 1000, 99999, 100000, 10000000, -12500 ఇచ్చి చూడండి. ఎనిమిది అంకెల సంఖ్యకు 1,00,00,000 రావాలి.

తెలుగు పేర్లు వచ్చినప్పుడు

రైతు పేరు, ఊరి పేరు తెలుగులో వేయాలనుకున్న వెంటనే లెంగ్త్, కాపీ, ప్యాడ్‌ఆర్ వేరే లోకంలోకి పోతాయి. నెల్లూరు అనే మాట పలికితే మూడక్షరాలు. కంప్యూటర్‌కు అది న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం, మొత్తం 8. యూనికోడ్ స్ట్రింగులున్న డెల్ఫీలో, అంటే 2009 నుంచి వచ్చిన వెర్షన్లలో, లెంగ్త్ 8 చెబుతుంది. లాజరస్‌లో మామూలుగా స్ట్రింగులు యూటీఎఫ్-8 లో ఉంటాయి, ఒక్కో గుర్తుకూ 3 బైట్లు, లెంగ్త్ 24 చెబుతుంది. కాపీ(ఊరు, 1, 4) అంటే డెల్ఫీలో నెల్ అని వస్తుంది. లాజరస్‌లో న పూర్తిగా వచ్చి, ఎత్వం మూడోవంతు తెగి వస్తుంది. ప్రింటర్ మీద అది ప్రశ్న గుర్తుగానో డబ్బాగానో పడుతుంది.

ప్యాడ్‌ఆర్ కూడా ఇదే లెంగ్త్‌ను నమ్ముకుని ఖాళీలు కలుపుతుంది. అందుకే ఇంగ్లిష్ పేర్లతో నిటారుగా నిలిచిన వరసలు తెలుగు పేర్లతో వంకరపోతాయి. పేరు వరస కంటే పొడవైతే ప్యాడ్‌ఆర్ దాన్ని కత్తిరించదు కూడా. తెలుగు ఉన్న చీటీకి ఖాళీలతో సర్దే పద్ధతి వదిలేసి, ప్రింట్ చేసే ప్రోగ్రామ్‌లో ఒక్కో వరస ఎక్కడ మొదలవ్వాలో మిల్లీమీటర్లలోనో పిక్సెళ్లలోనో చెప్పడమే దారి. స్క్రిప్ట్ పని విలువలివ్వడం, అమర్చే పని ప్రోగ్రామ్‌ది.

స్క్రిప్ట్‌లో ఆన్సీస్ట్రింగ్ (యూనికోడ్ కాని పాత రకం స్ట్రింగ్) అని డిక్లేర్ చేసిన వేరియబుల్‌లోకి తెలుగు వెళితే తిరిగి రాదు. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్‌పేజీ లేదు, కనుక నెల్లూరు ఎనిమిది ప్రశ్న గుర్తులవుతుంది. స్క్రిప్ట్ టెక్స్ట్‌లోనే కొటేషన్ల మధ్య తెలుగు రాసినా ఇదే కావచ్చు, ఎందుకంటే కంపైలర్ లోపల మూలాన్ని ఆన్సీ స్ట్రింగ్‌గా తీసుకుంటుంది. కంపైలర్‌లో యూటీఎఫ్8డీకోడ్ ప్రాపర్టీ ఉన్న వెర్షన్ అయితే దాన్ని ఆన్ చేసి, మూలాన్ని యూటీఎఫ్-8 గా మార్చి ఇవ్వాలి. మేము మెచ్చేది మాత్రం తెలుగు మాటలన్నీ ప్రోగ్రామ్‌లోనో డేటాబేస్‌లోనో ఉంచి, స్క్రిప్ట్‌కు ఒక ఫంక్షన్ ద్వారా అందించడం. అప్పుడు స్క్రిప్ట్ ఫైలును ఎవరు ఏ ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేసినా అక్షరాలు చెడవు.

రెండు పేర్లు చూడటానికి ఒకటే అయినా పాస్ 0 ఇస్తుంటే, ఒకదాంట్లో పొల్లు తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉందేమో చూడాలి. దాని కోడ్ 8204. కొన్ని కీబోర్డులు అది పెడతాయి, కొన్ని పెట్టవు. పేరును డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడే దాన్ని తీసేసిన ఇంకో ప్రతిని వెతకడానికి పక్కన ఉంచుకోవాలి. అచ్చుకు మాత్రం అసలు ప్రతినే వాడాలి, ఎందుకంటే కొన్ని పేర్లు అది లేకపోతే ఒత్తు పడి మారిపోతాయి. తెలుగు అంకెలను స్ట్ర్‌టుఇంట్‌డెఫ్ గుర్తించదు, వాటికి డిఫాల్ట్ విలువే వస్తుంది.

తేదీలు

స్ట్ర్‌టుడేట్ విండోస్ రీజియన్ సెట్టింగ్‌ను బట్టి చదువుతుంది. యూఎస్ సెట్టింగ్‌లో వదిలేసిన కంప్యూటర్‌లో 03/04/2025 అంటే మార్చి 4, రోజు ముందు, నెల తర్వాత ఉండే సెట్టింగ్‌లో ఏప్రిల్ 3. అదే స్క్రిప్ట్, అదే చీటీ, రెండు మిల్లుల్లో రెండు తేదీలు. దీన్ని వాడకుండా, రోజు, నెల, సంవత్సరం కాపీతో విడదీసి ట్రైఎన్‌కోడ్‌డేట్‌కు ఇవ్వండి. కాపీ(ఎస్, 1, 2), కాపీ(ఎస్, 4, 2), కాపీ(ఎస్, 7, 4), ఒక్కోదాన్ని స్ట్ర్‌టుఇంట్‌డెఫ్‌తో 0 డిఫాల్ట్‌గా మార్చుకోవాలి. నెల 0 అయినా ఫిబ్రవరి 30 అయినా ట్రైఎన్‌కోడ్‌డేట్ ఫాల్స్ ఇస్తుంది, స్క్రిప్ట్ ఆగదు. ఎన్‌కోడ్‌డేట్ అయితే ఎర్రర్‌తో ఆపేస్తుంది.

అచ్చు వేసేటప్పుడు ఫార్మాట్‌డేట్‌టైమ్‌లో గీటు గుర్తు పెడితే అది గీటుగానే వస్తుందని నమ్మకూడదు. దాని స్థానంలో ఆ కంప్యూటర్ సెట్టింగ్‌లో ఉన్న తేదీ గుర్తు పడుతుంది. గీటే కావాలంటే దాన్ని డబుల్ కొటేషన్లలో పెట్టాలి. నిమిషాలకు ఎన్ఎన్, నెలకు ఎంఎం.

రొయ్యల చెరువు లెక్కల్లో పిల్ల వేసి ఎన్ని రోజులైందో కావాలి. తేదీ అంటే లోపల ఒక దశాంశ సంఖ్య, పూర్ణ భాగం రోజు, మిగతాది గంటలు. నౌ నుంచి పిల్ల వేసిన తేదీ తీసేసి రౌండ్ చేస్తే, మధ్యాహ్నం పన్నెండు దాటగానే ఒక రోజు ఎక్కువ చూపిస్తుంది. నౌ బదులు డేట్ వాడితే గంటల భాగం ఉండదు. వేసిన రోజును మొదటి రోజుగా లెక్కపెడతారా, సున్నాగానా అన్నది రైతును అడిగి తెలుసుకుని స్క్రిప్ట్‌లో కామెంట్‌గా రాసిపెట్టాలి. మేత పట్టిక దాని మీదే నడుస్తుంది.

ఎర్రర్ వచ్చినప్పుడు, స్క్రిప్ట్ తిరుగుతూనే ఉన్నప్పుడు

కంపైల్ ఫెయిలైతే కంపైలర్‌మెసేజ్‌కౌంట్ దాకా లూప్ తిప్పి ప్రతి సందేశాన్నీ చూపించాలి, మొదటిదొక్కటే చూపితే చాలదు. నడిచేటప్పుడు ఆగితే ఎగ్జెక్‌ఎర్రర్‌టుస్ట్రింగ్ కారణాన్నీ, ఎగ్జెక్‌ఎర్రర్‌రో లైను నంబరునూ ఇస్తాయి. ఈ రెండింటినీ స్క్రిప్ట్ పేరుతో, చీటీ నంబరుతో కలిపి లాగ్ ఫైల్లో రాయండి. మిల్లు నుంచి ఫోన్ వచ్చినప్పుడు కావాల్సింది అదే.

స్క్రిప్ట్‌లో ట్రై ఎక్సెప్ట్ ఉంది, కానీ డెల్ఫీలోలాగా ఫలానా ఎక్సెప్షన్ వస్తే ఇది చెయ్ అని విడదీసే వీలు లేదు. ఎక్సెప్ట్ భాగంలో ఎక్సెప్షన్‌టుస్ట్రింగ్(ఎక్సెప్షన్‌టైప్, ఎక్సెప్షన్‌పారామ్) అంటే సందేశం దొరుకుతుంది. ఎక్సెప్ట్‌ను ఖాళీగా వదిలి బిల్లును ముందుకు పోనివ్వడం మాత్రం చేయకూడదు. రైతు కష్టం ఆ చీటీ మీద ఉంటుంది. తప్పు అంకె పడేకంటే చీటీ ఆగిపోవడమే మేలు.

వైల్ లూప్‌లో పి తగ్గించడం మరిచిపోతే ప్రోగ్రామ్ కదలదు, కాటా దగ్గర లారీలు నిలిచిపోతాయి. ఆన్‌లైన్ అనే ఈవెంట్ (ఇంటర్నెట్ అర్థంలో కాదు, లైను మీద అని) స్క్రిప్ట్ లైను లైనుకూ వస్తుంది. అక్కడ మొదలైన సమయంతో పోల్చి, రెండు సెకన్లు దాటితే స్టాప్ పిలవండి. బిల్లు లెక్కకు రెండు సెకన్లు చాలా ఎక్కువ. ఆ ఈవెంట్‌లో ప్రతి లైనుకూ ప్రాసెస్‌మెసేజెస్ పిలిస్తే స్క్రిప్ట్ బాగా నెమ్మదిస్తుంది, వెయ్యి లైన్లకోసారి చాలు.

క్లాసెస్ ఇంపోర్ట్ ప్లగిన్‌ను మాత్రం ఆలోచించి కలపండి. స్ట్రింగ్‌లిస్ట్ వాడుకోవచ్చని కలుపుతారు, దాంతోపాటు లోడ్‌ఫ్రమ్‌ఫైల్, సేవ్‌టుఫైల్ కూడా స్క్రిప్ట్ చేతికి వస్తాయి. అప్పుడు స్క్రిప్ట్ మార్చగలిగిన ఎవరైనా ఆ కంప్యూటర్‌లో ఏ ఫైలునైనా చదవొచ్చు, చెరపొచ్చు. లెక్కకు జాబితా కావాలంటే సెట్‌అర్రేలెంగ్త్‌తో అర్రే సరిపోతుంది. పాత చీటీల విలువలు కావాలంటే చీటీ నంబరు తీసుకుని విలువ ఇచ్చే ఫంక్షన్ ఒకటి యాడ్‌ఫంక్షన్‌తో ఇవ్వండి, డేటాబేస్ కనెక్షన్‌ను స్క్రిప్ట్‌కు అప్పగించవద్దు.